ఇత్తడి కడుగునీళ్లలో రాగి, సీసం: యాక్రిలిక్ గుడ్డతో తీయొచ్చా?

కంచుగంట (బుడితి దగ్గర, శ్రీకాకుళం జిల్లా)

అందరికీ నమస్కారం. మాది ఇత్తడి, కంచు సామాను పోతపోసి పాలిష్ పెట్టే చిన్న షెడ్డు. పోత అయ్యాక సామాను పల్చటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి కడుగుతాం. నగిషీ ఉన్నవాటిని చింతపండు గుజ్జుతో తోముతాం. అంతా కలిపి రోజుకి 200 లీటర్ల కడుగునీళ్లు. ల్యాబ్ రిపోర్టులో వచ్చినవి ఇవీ: పీహెచ్ 2.1, రాగి లీటరుకి 62 మి.గ్రా., జింకు 41, సీసం 1.4. షెడ్డు వెనక కాలువ పోయి గెడ్డలో కలుస్తుంది, దిగువన వరి మళ్లున్నాయి. అందుకని నీళ్లు వదలడం ఆపి డ్రమ్ముల్లో పట్టి ఉంచుతున్నాం.

యాక్రిలిక్ గుడ్డని రసాయనంతో మార్చి 'అమిడాక్సిమ్' గుడ్డ చేస్తే అది లోహాల్ని పట్టేస్తుందని చదివాం. పాత యాక్రిలిక్ శాలువాలు, దుప్పట్లు దీనికి పనికొస్తాయా? మా నీళ్లకి ఎంత గుడ్డ కావాలి? ఆ మార్చడమేదో షెడ్డులోనే చేసుకోవచ్చా? పట్టిన రాగి మళ్లీ చేతికొస్తుందా? తెలిసినవాళ్లు కొలతలతో చెప్తే మేలు.

---

తేటనీరు

గుడ్డ పనిచేస్తుంది. కానీ మీ నీళ్లని ఉన్నవున్నట్టు దాని మీదకి వదిలితే పనిచేయదు. దీనికి కారణాలు రెండు.

ఒకటి పీహెచ్. అమిడాక్సిమ్ గుంపు (గుడ్డ మీద లోహాన్ని పట్టే రసాయన భాగం) రాగిని బాగా పట్టేది పీహెచ్ 4 నుంచి 6 మధ్య. 2 దగ్గర హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లని ఆక్రమిస్తాయి, లోహం అంటదు. పట్టిన లోహాన్ని వదిలించడానికి వాడేది కూడా యాసిడ్డే కదా.

రెండోది లెక్క. 62 మి.గ్రా. చొప్పున 200 లీటర్లంటే రోజుకి 12.4 గ్రాముల రాగి. బరువు 15 శాతం పెరిగేలా మార్చిన గుడ్డలో గ్రాముకి సుమారు 4 మిల్లీమోల్ అమిడాక్సిమ్ ఉంటుంది. రెండు గుంపులు కలిసి ఒక రాగి అయాన్‌ని పట్టుకుంటాయనుకుంటే కాగితం మీద గ్రాముకి 125 మి.గ్రా. వస్తుంది. పారే నీళ్లలో, కాల్షియం, జింకు కూడా ఉన్నచోట దాన్ని నమ్ముకుని డిజైన్ చేయకూడదు. నేనైతే గ్రాముకి 20 మి.గ్రా. వేసుకుంటాను. అలా చూస్తే మీకు రోజుకి 600 గ్రాముల గుడ్డ కావాలి. ఎవరి వల్లా కాదు.

అదే ముందు సున్నంతో రాగిని 3 మి.గ్రా.కి దించితే, గుడ్డకి మిగిలేది రోజుకి 600 మిల్లీగ్రాములు. 30 గ్రాముల గుడ్డ చాలు. కిలో గుడ్డ నెల రోజులు నడుస్తుంది. కాబట్టి బరువంతా సున్నం మొయ్యాలి, మిగిలిన నలుసు గుడ్డ తియ్యాలి.

సున్నం లెక్క: మీ 200 లీటర్లలో యాసిడ్‌కి, లోహాలకి కలిపి స్వచ్ఛమైన తడిసున్నం పొడి సుమారు 100 గ్రాములు పడుతుంది. బజారు సున్నం 70 శాతం అనుకుంటే 140 గ్రాములు. దాన్ని పొడిగా చల్లొద్దు, బకెట్లో పాలలా కలిపి కొంచెం కొంచెంగా పొయ్యండి. పొడిగా వేస్తే గడ్డల చుట్టూ పొర కట్టి లోపలి సున్నం వృథా అవుతుంది. ఆ గడ్డలు రాత్రంతా మెల్లగా కరిగి, తెల్లారేసరికి పీహెచ్ 11 చూపిస్తాయి.

11 ఎందుకు కూడదంటే జింకు వల్ల. జింకు హైడ్రాక్సైడ్ 9, 9.5 దగ్గర బాగా అడుగుకి దిగుతుంది, 10.5 దాటితే మళ్లీ కరిగిపోతుంది. రాగికి 8.5 నుంచి 9 చాలు. బయటికి వదిలే నీటికి పీహెచ్ హద్దు 5.5 నుంచి 9. అందుకని 8.8, 9 దగ్గర ఆపండి. లిట్మస్ కాగితంతో ఇది తేలదు. చేతిలో పట్టుకునే పీహెచ్ మీటరు కొని, 7, 10 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) వారానికోసారి సరిచూసుకోండి.

సీసానికి ఒక చిట్కా ఉంది. సున్నానికి ముందు 5 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ కలపండి. సున్నంతో 8.3 దాకా తెచ్చి, ఆ పైన 30 గ్రాముల సోడా యాష్ (సోడియం కార్బొనేటు) నీళ్లలో కరిగించి, మీటరు చూస్తూ 9 వచ్చేదాకా పొయ్యండి. ఇనుము మడ్డి, కార్బొనేటు రెండూ కలిసి సీసాన్ని లాక్కుని దిగుతాయి. భూమ్మీది నీటివనరుల్లోకి వదిలే పారిశ్రామిక నీటికి సాధారణ హద్దులు లీటరుకి రాగి 3 మి.గ్రా., జింకు 5, సీసం 0.1. మీ నీళ్లలో అసలు తలనొప్పి రాగి కాదు, సీసమే. 1.4 నుంచి 0.1కి రావాలి. పాత కుళాయిల తుక్కు ఇత్తడి కరిగిస్తుంటే సీసం అక్కడి నుంచే వస్తుంది.

---

పోగుబల్ల (నెల్లిమర్ల)

గుడ్డ సంగతి నేను చెప్తాను.

శాలువాలు పనికొస్తాయి, కానీ అది యాక్రిలిక్ అవునో కాదో ముందు తేల్చుకోవాలి. చలికాలం బజార్లో ఉన్ని అని అమ్మేదాంట్లో చాలావరకు యాక్రిలికే. అయితే పాలిస్టర్ కలిసినవీ ఉంటాయి. ఒక్క పోగు మాత్రమే, ఆరుబయట కాల్చి చూడండి. యాక్రిలిక్ చిటపటమంటూ పసుపు మంటతో కాలి, గట్టి నల్లటి వంకర ఉండ మిగులుస్తుంది. నిజం ఉన్ని వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదవుతుంది. యాక్రిలిక్ పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది కాబట్టి ముక్కు దగ్గర పెట్టుకోవద్దు. ఇంకా నమ్మకమైన పరీక్ష కావాలంటే డైమిథైల్ ఫార్మమైడ్‌లో వేసి వెచ్చబెడితే యాక్రిలిక్ కరుగుతుంది, పాలిస్టర్ కరగదు. అది ల్యాబ్ పని.

తెల్లది, రంగు వెయ్యనిది తీసుకోండి. రంగు గుడ్డ వేడి నీళ్లలో రంగు వదులుతుంది. పైగా రాగి పట్టినప్పుడు గుడ్డ ఆకుపచ్చగా మారడమే మీకు కనపడే ఏకైక గుర్తు, రంగు గుడ్డ మీద అది తెలీదు. కొత్త గుడ్డకి మెత్తదనం కోసం పూసిన పూత ఉంటుంది. లీటరుకి 2 గ్రాముల సాదా డిటర్జెంట్, 1 గ్రాము సోడా యాష్ వేసి 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, నురగ పోయేదాకా జాడించాలి. ఇది వదిలేస్తే రసాయనం అక్కడక్కడే ఎక్కి గుడ్డ మచ్చలమచ్చలుగా మారుతుంది.

మార్చే పద్ధతి 100 గ్రాముల పొడి గుడ్డకి చెప్తున్నాను. రెండున్నర లీటర్ల నీళ్లలో 100 గ్రాముల హైడ్రాక్సిలమిన్ హైడ్రోక్లోరైడ్. దాంట్లో సోడా యాష్ కొంచెం కొంచెంగా, పీహెచ్ 6.5, 7 వచ్చేదాకా. 60, 70 గ్రాములు పడుతుంది. ఒక్కసారే వేస్తే కార్బన్ డయాక్సైడ్ నురగతో పొంగి బయటపడుతుంది. తర్వాత తడిగుడ్డ ముంచి, నీటితొట్టిలో పెట్టి 70 డిగ్రీల దగ్గర గంటన్నర నుంచి రెండు గంటలు, తిప్పుతూ ఉంచాలి. 80 దాటనివ్వొద్దు. దాటితే గుడ్డ ముడుచుకుంటుంది, రసాయనమూ విడిపోవడం మొదలెడుతుంది. ఆపాక ఒక్కసారిగా చన్నీళ్లు పొయ్యకుండా మెల్లగా చల్లారనిచ్చి, బాగా కడిగి, 50 డిగ్రీల లోపు ఆరబెట్టాలి.

ఆరాక తూచండి. 100 గ్రాములది 115 నుంచి 118 వస్తే సరి. యాక్రిలిక్‌లో ఉండే నైట్రైల్ గుంపులన్నీ అమిడాక్సిమ్‌గా మారిపోతే 60 శాతం దాకా పెరగాలి, కానీ అలాంటి గుడ్డ తడిస్తే జిగురులా ఉబ్బి, పిండితే చినుగుతుంది, ఆరితే అప్పడంలా విరుగుతుంది. కొంతమంది ఎక్కువ పట్టాలని నాలుగైదు గంటలు ఉంచుతారు. కాగితం మీద సామర్థ్యం పెరుగుతుంది, గొట్టంలో మాత్రం నీళ్లు దిగవు. చిన్న ముక్క కత్తిరించి పల్చటి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఎర్ర గోధుమరంగు రావాలి. మార్చని గుడ్డ మీద లేత పసుపు మరకే ఉంటుంది, అది కడిగితే పోతుంది.

షెడ్డులో చేయొచ్చా అన్నారు. వద్దు. ఆ హైడ్రాక్సిలమిన్ రసాయనం విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, రక్తం ఆక్సిజన్ మొయ్యకుండా చేస్తుంది. చిక్కటి ద్రావణాన్ని వేడిచేసినా, ఎండగట్టినా పేలగలదు. ఇనుము, రాగి మరకలు తగిలితే ఇంకా త్వరగా విడిపోతుంది. మీ షెడ్డు నిండా ఉండేది రాగి పొడే. ఇంజినీరింగ్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో, పొగగూట్లో (పొగని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్), గాజు లేదా ఎనామిల్ పాత్రలో చేయించుకోండి. మిగిలిన ద్రావణం సింకులో పొయ్యకూడదు, బ్లీచింగ్ పొడి అసలు కలపకూడదు. కిలో గుడ్డకి పది విడతలు కావాలి. అంతా ఒకేసారి పెద్ద డ్రమ్ములో కానిచ్చేద్దామనే ఆలోచన మానుకోండి.

---

పైడిభీమవరం పంపు

పైవాళ్లిద్దరూ చెప్పింది సరే, నాదో పేచీ ఉంది. సున్నం, సోడా సరిగ్గా వేసి, తేట బాగా దించి, ఇసుక వడపోత పెడితే రాగి, జింకు హద్దులోకి వచ్చేస్తాయి. గుడ్డ జోలికి పోకముందే అంతవరకు చేసి, మళ్లీ పరీక్ష చేయించండి. సీసం 0.1 లోపు వస్తే గుడ్డ అక్కర్లేదు. ఊరికే రసాయనం ఖర్చు.

రాకపోతే కారణం ముందు చింతపండులో వెతకండి. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం రాగిని, సీసాన్ని వాటేసుకుని పీహెచ్ 9 దగ్గర కూడా కరిగే ఉంచుతుంది. తేట తీశాక నీళ్లు లేత నీలంగా మిగిలాయంటే అదే. కాస్టిక్ సోడాతో చేసేవాళ్లకి ఇది మరీ ఎక్కువ. సున్నమైతే కాల్షియం కొంత టార్టరేటుని కూడా అడుగుకి దించుతుంది, కొంత నయం. అసలు మార్గం చింతపండు తోముడు నీళ్లు వేరే బకెట్లో పట్టడం. యాసిడ్ కడుగుతో కలపొద్దు. అమ్మోనియా ఉన్న పాలిష్ ఏదైనా వాడుతుంటే అదీ వేరే.

గుడ్డ నిజంగా ఉపయోగపడేది ఆ చింతపండు నీళ్లకే. అమిడాక్సిమ్ పట్టు టార్టరేటు పట్టుకన్నా గట్టిది, పీహెచ్ 5 దగ్గర రాగిని లాగేస్తుంది. కాకపోతే ముందు పీచు, గుజ్జు బాగా వడకట్టాలి.

గొట్టం ఇలా కట్టుకోండి. 110 మి.మీ. పీవీసీ గొట్టం మీటరు ముక్క, లోపల ఎనిమిది, తొమ్మిది లీటర్ల చోటు. గుడ్డని, ప్లాస్టిక్ దోమతెరని ఒకదాని మీద ఒకటి పరిచి చాపలా బిగించి చుట్టి దూర్చాలి. దోమతెర లేకపోతే గుడ్డ పొరలు అంటుకుపోయి మధ్యకి నీరు పోదు. చుట్టకి, గొట్టం గోడకి మధ్య ఖాళీ ఉంటే నీళ్లన్నీ అటే దొర్లిపోతాయి. వారం తర్వాత విప్పి చూస్తే తెలిసిపోతుంది, పై చుట్టు ముదురాకుపచ్చ, లోపల చుట్లు ఇంకా తెల్లగా. గోడ పక్కన నురుగు రబ్బరు పట్టీ ఇరికిస్తే ఆగుతుంది. నీళ్లు కింద నుంచి పైకి పంపండి, గాలి బుడగలు ఇరుక్కోవు. గంటకి 50 లీటర్లకి మించొద్దు. అప్పుడు నీరు గుడ్డతో పది నిమిషాలు ఉంటుంది. 200 లీటర్లకి నాలుగు గంటలు. రెండు గొట్టాలు వరసగా పెట్టి, మొదటిది నిండాక రెండోదాన్ని ముందుకి తెచ్చి, కొత్తగా తయారుచేసింది వెనక పెట్టండి. రెండిటి మధ్య పారదర్శక గొట్టం ముక్కలో చిన్న గుడ్డ పీలిక పెడితే, అది పచ్చబడ్డ రోజు మొదటిది నిండినట్టు.

గొట్టానికి ముందు ఇసుక, దాని తర్వాత ఇంట్లో ఆర్‌ఓకి పెట్టే 5 మైక్రాన్ల స్పన్ క్యాట్రిడ్జ్. వడకట్టిన తర్వాతే పల్చటి యాసిడ్‌తో పీహెచ్ 6కి దించాలి. ఈ వరస తారుమారు చేస్తే తేలుతున్న మడ్డి మళ్లీ కరిగి, లోహమంతా గుడ్డ మీద పడుతుంది. బఫింగ్ మైనం, సబ్బు కూడా రానివ్వకండి, గుడ్డకి జిడ్డు పూతపడి పట్టడం మానేస్తుంది.

---

కంచుగంట

చాలా థాంక్స్ మాస్టార్లూ. చింతపండు నీళ్లు వేరు చేస్తే 20 లీటర్లకి మించవు. మూడు సందేహాలు. నీళ్లలో రాగి ఉందో లేదో మేమే చూసుకునే పరీక్ష ఉందా? గుడ్డ నిండాక కడగడం ఎలా? మడ్డి ఎక్కడ వెయ్యాలి?

---

తేటనీరు

అమ్మోనియా వేస్తే ముదురు నీలం వచ్చేది లీటరుకి పదుల మిల్లీగ్రాములుంటేనే. నీలం రాలేదని 3 లోపు ఉన్నట్టు కాదు. రాగికి రంగు పోల్చే కిట్లు దొరుకుతాయి, రోజువారీకి అవి చాలు. సీసానికి ఇంటి పరీక్షని నమ్మకండి, నెలకోసారి ఏఏఎస్ (లోహాల్ని అతి తక్కువ మోతాదులో కూడా కొలిచే యంత్రం) ఉన్న ల్యాబ్‌కి పంపాలి. నమూనా సీసాలో వేసిన వెంటనే పీహెచ్ 2 లోపు వచ్చేలా నైట్రిక్ యాసిడ్ చుక్కలు వెయ్యండి. లేకపోతే సీసం సీసా గోడకే అంటుకుని, రిపోర్టు తక్కువ చూపిస్తుంది.

గుడ్డ కడగడానికి అర మోలార్ హైడ్రోక్లోరిక్ యాసిడ్. అంటే బజారులో దొరికే 30, 33 శాతం యాసిడ్ 50 మి.లీ., నీళ్లు 950 మి.లీ. యాసిడ్‌ని నీళ్లలో పొయ్యాలి, నీళ్లని యాసిడ్‌లో కాదు. కిలో గుడ్డకి పది లీటర్లు, ఇరవై నిమిషాలు. ఆకుపచ్చ పోయి లేత పసుపుకి వస్తుంది. రాత్రంతా నానబెట్టొద్దు, అమిడాక్సిమ్ యాసిడ్‌లో మెల్లగా విరిగిపోతుంది. నైట్రిక్ యాసిడ్ వద్దు, అది గుంపునే ఆక్సీకరించొచ్చు. తర్వాత నీళ్లతో జాడించి, 1 శాతం వంటసోడా నీళ్లలో కాసేపు ఉంచి, మళ్లీ జాడిస్తే సిద్ధం. ప్రతిసారీ కొంత పట్టు తగ్గుతుంది. కొత్తలో నెల వచ్చింది రెండు వారాలకే పచ్చబడుతుంటే గుడ్డ మార్చెయ్యండి.

ఆ పది లీటర్ల యాసిడ్‌లో 20 గ్రాముల రాగి ఉంటుంది. ఇనప మేకులు, తుక్కు వేస్తే రాగి ఎర్రటి పొడిగా మేకుల మీద కూర్చుంటుంది. లెక్కకి 18 గ్రాముల ఇనుము చాలు గానీ యాసిడ్ కూడా ఇనుమును తింటుంది, మూడింతలు వెయ్యండి. హైడ్రోజన్ వస్తుంది, ఆరుబయట చెయ్యండి, బీడీ, కొలిమి దగ్గరుండకూడదు. మిగిలిన ఇనుము నీళ్లు పారబోయొద్దు, మర్నాటి సున్నం తొట్టిలో కొంచెం కొంచెంగా కలిపెయ్యండి. ఫెర్రిక్ క్లోరైడ్ పనిలో కొంత అదే చేస్తుంది. నెలకి 20 గ్రాముల రాగి కోసం ఇదంతా లాభమా అంటే కాదు, యాసిడ్ వదిలించుకునే దారి అంతే.

మడ్డిని గోనెగుడ్డలో వడగట్టి, నీడలో ఆరబెట్టి, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో దాచండి. పెంటకుప్పలో, పొలం గట్టున వెయ్యకూడదు. వాన నీళ్లలో, ముఖ్యంగా పుల్లటి మట్టిలో, ఆ లోహం మళ్లీ కరుగుతుంది. ఇది 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికొస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి ద్వారా పరవాడలోని వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటుంది. ఒక్క షెడ్డుకి బండి కట్టడం కష్టం, నలుగురైదుగురు కలిసి పంపుకోవాలి.

---

సోంపేట కొబ్బరి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఉద్దానం బోరు నీళ్లకి ఈ గుడ్డ ఇంట్లో పెట్టుకోవచ్చా? విజయనగరంలో మా బావకి క్రోమ్ ప్లేటింగ్ షాపుంది, దానికీ పనికొస్తుందా?

---

పోగుబల్ల

తాగే నీళ్లకి పెట్టొద్దండీ. కడగడంలో తేడా వస్తే హైడ్రాక్సిలమిన్ జాడ నీళ్లలోకి దిగుతుంది. ఇంట్లో చేసిన గుడ్డకి అది లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఫలానా లోహమని తేలలేదు. ఫ్లోరైడ్, సిలికా, నైట్రేట్ ఈ గుడ్డ పట్టదు. బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఏది ఎక్కువుందో చూసి దానికి మందు వెతకాలి.

క్రోమ్ వేరే కథ. ప్లేటింగ్ నీళ్లలో క్రోమియం ఆరు వేలెన్సీతో క్రోమేట్‌గా ఉంటుంది, అది రుణావేశం. రాగిలా వచ్చి అంటుకోదు. దానికి అమీన్ గుంపులు తగిలించిన గుడ్డ కావాలి. చిన్న షాపుకి అంతకన్నా తేలిక దారి ఫెర్రస్ సల్ఫేట్. పీహెచ్ 3 లోపు ఉంచి, ఒక గ్రాము ఆరు వేలెన్సీ క్రోమియంకి 16 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు లెక్క, కొంచెం ఎక్కువే వేసి, పసుపు పూర్తిగా పోయాక సున్నంతో 8.5కి తెస్తే క్రోమియం అడుగుకి దిగుతుంది. మడ్డి ఎక్కువొస్తుంది, దానికి సిద్ధపడాలి. వదిలే నీటిలో ఆరు వేలెన్సీ క్రోమియం హద్దు 0.1 మి.గ్రా.

పాలిస్టర్ చీరలతో ఇదే చెయ్యలేమా అని అడగబోయేవాళ్లకి కూడా చెప్పేస్తున్నా. పాలిస్టర్‌లో నైట్రైల్ గుంపు లేదు, హైడ్రాక్సిలమిన్‌తో అమిడాక్సిమ్ రాదు. కాస్టిక్‌లో ఉడికిస్తే పై పొరలో కాస్త కార్బాక్సిల్ వస్తుంది గానీ గుడ్డ అరిగిపోవడమే ఎక్కువ. సంచులకి వాడే పాలీప్రొపిలీన్ నాన్ ఓవెన్‌కైతే రేడియేషన్‌తోనో, అతినీలలోహిత కాంతితోనో నైట్రైల్ ఉన్న కొమ్మలు అంటుకట్టాలి. జపాన్‌లో పాలిథీన్ నాన్ ఓవెన్‌కి రేడియేషన్‌తో ఇలాగే అంటుకట్టి, అమిడాక్సిమ్ చేసి, 350 కిలోల గుడ్డని మొత్తం 240 రోజులు సముద్రంలో ముంచి, యెల్లో కేక్ (యురేనియం ఆక్సైడ్ పొడి) లెక్కన కిలోకి పైగా యురేనియం తీశారు. రేడియేషన్ యంత్రం ఉన్నవాళ్ల పని అది, మన షెడ్లకి అందదు.

---

పైడిభీమవరం పంపు

కంచుగంటగారూ, చింతపండు 20 లీటర్లే అయితే మీటరు గొట్టం అక్కర్లేదు. దానికి 50 మి.మీ. గొట్టం అర మీటరు, వంద గ్రాముల గుడ్డ, గంటకి 5 లీటర్లు. పని లేని రోజుల్లో అందులో నీళ్లు నిలవనివ్వకండి. చింతపండు చక్కెరకి రెండ్రోజుల్లో పాకర పట్టి గుడ్డ మూసుకుపోతుంది. ఖాళీ చేసి, మంచినీళ్లు ఒకసారి తిప్పి, కింద కుళాయి తెరిచి వదిలెయ్యండి. బ్లీచింగ్ పొడితో పాకర వదిలించాలని చూడకండి, అమిడాక్సిమ్ కూడా పోతుంది.

పాడైన గుడ్డని కొలిమిలో పడెయ్యకండి, సయనైడ్ పొగ వస్తుంది. యాసిడ్‌తో రాగి వదిలించి, సోడా నీళ్లలో కడిగి, మడ్డి డ్రమ్ములోనే వేసి అదే బండిలో పంపండి.